దేవుడి దిమ్మ

మా గానుగ బెల్లం బంగారంలా ఉంటుందని అనకాపల్లి మార్కెట్లో పేరు. ఆ రంగు చెరుకుది కాదు. పాకం ఉడుకుతున్నప్పుడు హైడ్రోస్ అనే తెల్లపొడి వేస్తాం. వెయ్యకపోతే దిమ్మ నల్లగా వస్తుంది, సారాబెల్లమని వ్యాపారులు మొహం తిప్పేస్తారు. ఒంటికి మంచిది కాదని తెలిసినా అందరూ వేస్తున్నారు, నేనూ వేస్తున్నాను. ఆ మాట అనుకుని ఇన్నాళ్లూ హాయిగానే నిద్రపోయాను.

మా చర్చిలో కోతపండగకి ఎవరి పంట వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఈ ఏడాది దేవుడి కోసమని ఒక పెనం వేరుగా కాచాను. పొడి వెయ్యలేదు. పెనం తోమించి, దగ్గరుండి మడ్డి తీయించాను. దేవుడి బల్ల ముందు పొడి కలిపిన బెల్లం పెడతామా? ఆ నల్లటి దిమ్మని కొత్త తువ్వాల్లో చుట్టి, కొంచెం గర్వంగానే పట్టుకెళ్లాను.

పాస్టరుగారు దాన్ని రెండు చేతులా పైకెత్తి అందరికీ చూపించారు. "దేవుడి పిలుపు పాస్టర్లకే కాదు, గానుగ ఆడేవాడికీ ఉంటుంది. ఈ వారం ప్రసంగం ఈ దిమ్మే చేసింది" అన్నారు. జనం ఆమెన్ అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వేలంలో దాన్ని మా వెనక బెంచీలో కూర్చునే ముసలామె పాడుకుంది. ఒళ్లో పెట్టుకుని నా పక్కన చతికిలబడింది.

"మా కోడలు నీల్లోసుకుంది బాబూ. రోజూ నీ బెల్లవే పెడతన్నాను. మనోడి సేతిది, మంచిదని."

"ఇది పెట్టు పిన్నీ. కొట్లోది మానెయ్" అన్నాను.

"అదేటి? రెండూ నువ్వు సేసినవే కదా!"

ఆమె మొహంలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అడిగింది. నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నట్టు నటించి బయటికొచ్చేశాను.

మర్నాడు మళ్లీ పెనం పొయ్యెక్కింది. పాకం పొంగుతోంది. మా బావమరిది పొడి డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. వెయ్యకపోతే ఈ పంట అమ్ముడుపోదు. గానుగ మూసేసి ఇద్దరం కూలిపనికి అచ్యుతాపురం కంపెనీ బస్సెక్కాలి.

"ఎయ్యమంటావా, బావా?"

నోరు విప్పలేదు, తలూపాను. నోటితో చెబితే దేవుడికి వినబడుతుందనుకున్నానో ఏమో, సిగ్గులేని మనిషిని.