తీగ లేని ఎనిమిదో లైటు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అవనిగడ్డలో ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేసే షాపు నాది. కరెంటు ఎక్కడి నుంచో రావాలి, ఎక్కడికో పోవాలి. నేను నమ్మేది అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా బావగారు గుండెపోటుతో పోయారు. కోడూరులో సైన్సు మాస్టారు. పెట్రోలు వాసన తగిలితే చాలు, అక్కకి వాంతులు. అందుకని ఆయన ఒక పాత కారులోంచి ఇంజను పీకేసి, మోటారు, ఎనిమిది బ్యాటరీలు బిగించారు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. కారు మాత్రం నడిచింది.

స్టీరింగు పక్కన ఆయనే ఒక బోర్డు తయారుచేసి పెట్టారు. ఏ బ్యాటరీ నీరసించినా దాని నెంబరు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది, కారు దానంతటదే ఆగిపోతుంది.

ఆయన పోయాక అక్కకి తిండీ లేదు, నిద్రా లేదు. గోడకి ఆనుకుని కూర్చునేది. నాకేమో ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు. చెయ్యాల్సిన పనులు చేసుకుంటూ పోయాను.

మా వైపు కర్మకాండ అయ్యాక భర్త పోయిన ఆడపడుచుని పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి ఒక రాత్రి తమ ఇంట్లో నిద్ర చేయించాలి. అది జరిగితేగాని ఆవిడ ఇంకో గడప తొక్కకూడదు. "మీ బావగారి కారులో అయితేనే వస్తానురా" అంది అక్క. ఆ ఇంట్లోనే అలా ఉండిపోతే ఆవిడ కూడా మాకు దక్కదని నాకు భయం పట్టుకుంది.

అక్క ఎక్కి కూర్చుంది. గేటు దాటకుండానే కారు ఆగిపోయింది. బోర్డు మీద ఎనిమిదో లైటు వెలిగింది.

ముందు నుంచి లెక్కపెట్టి ఎనిమిదో బ్యాటరీ తీసి చూశాను. నిక్షేపంలా ఉంది. దాని మీద మాత్రం బావగారి చేత్తో 'తొమ్మిది' అని రాసి ఉంది. ఎనిమిది శని అంకె, వద్దని పోరు పెట్టింది తనేనని అక్క చెప్పింది. అంతటి సైన్సు మాస్టారూ భార్య మాట కాదనలేక ఏడు తర్వాత తొమ్మిది వేశారు. బోర్డు విప్పాను. ఎనిమిదో లైటుకి అసలు తీగే లేదు. బోర్డులో ఆ అంకె దగ్గర కన్నం ఖాళీగా కనపడకూడదని ఉత్త లైటు గుచ్చి వదిలేశారు.

ఉప్పుగాలికి చెమ్మ చేరిందేమోనని తుడిచి ఆరబెట్టాను. నేనొక్కణ్ణే నడిపితే కారు అవనిగడ్డ దాకా సుబ్బరంగా వెళ్ళింది. బరువు వల్లనేమోనని బియ్యం బస్తాలు వేసుకుని నడిపాను. అప్పుడూ ఆగలేదు. అక్క ఎక్కగానే మళ్ళీ అదే లైటు.

అక్క ఆ బోర్డు వైపు చూసింది. పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పినట్టు చెప్పింది. "ఒక్క రాత్రికేనండీ. తమ్ముడింట్లో నిద్ర చేసి పొద్దున్నే వచ్చేస్తాను."

లైటు ఆరిపోయింది. నేనేమీ ముట్టుకోలేదు. కారు కదిలింది, అవనిగడ్డలో మా ఇంటి దాకా ఎక్కడా ఆగలేదు.

మర్నాడు పొద్దెక్కినా అక్క లేవలేదు. కంగారుపడి దగ్గరికెళ్ళి ఊపిరి చూశాను. ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. బావగారు పోయాక అదే మొదటిసారి.

బయటికి వస్తే కారులో ఆ ఎర్ర లైటు వెలుగుతోంది. రాత్రి మెయిన్ స్విచ్ ఆపింది నేనే. ఛార్జింగు కోసం బ్యాటరీల తీగలు విప్పి పక్కన పెట్టిందీ నేనే.

తలుపు తీసి లోపల కూర్చున్నాను. "బావగారూ, అక్క పడుకుందండీ. నేను లేపలేనండీ" అన్నాను.

కాసేపటికి లైటు ఆరింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఆ తర్వాత ఎన్నో బోర్డులు విప్పాను. కరెంటే లేని చోట లైటు వెలగడం మళ్ళీ చూడలేదు. అది ఎలా వెలిగిందో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను.

ఆ రోజు మధ్యాహ్నం అక్క తనంతట తనే లేచి వంటింట్లోకి వచ్చింది. "ఆకలేస్తోందిరా, అన్నం పెట్టు" అంది.