కిర్రుమనని తలుపు

పార్లర్‌లో రోజంతా ఊళ్లోవాళ్ల తలలు కడిగే ఆమెకి, ఇంటికొచ్చేసరికి తన తల దువ్వుకునే ఓపిక కూడా ఉండదు. అడుగంటిన కండిషనర్ సీసాలు మాత్రం పారెయ్యబుద్ధి కాక, నీళ్లు పోసి గిలక్కొట్టి తెచ్చుకుంటుంది. దాంట్లో స్వెట్టర్లు నానబెడుతుంది, పట్టేసిన జిప్పులకు రాస్తుంది, పగిలిన మడమలకు పట్టిస్తుంది. "ఇంకా నయం, కూరలో వెయ్యలేదు," అంటాడు మొగుడు. మొన్న వీధి తలుపు బందులకు కూడా పూసింది. ఆ తలుపు కిర్రుమంటే చాలు, లోపల మంచమ్మీద ఉన్న అత్త "వచ్చావా అమ్మా, కాసిని మంచినీళ్లియ్యి," అంటుంది. పాపం ఆవిడ తప్పేం లేదు, చూపు ఆనదు. ఈమెకు కావలసిందల్లా చెప్పులు విప్పి కాసేపు గోడకు చేరగిలబడటం.

ఆ సాయంత్రం తలుపు చప్పుడు చెయ్యలేదు. గుమ్మం పక్కనే చతికిలబడి, నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు చూసుకుంటూ చాలాసేపు కూర్చుంది. చివరికి మనసొప్పక లేచి, గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లి, "ఇప్పుడే వచ్చానత్తయ్యా," అంది.

అత్త గటగటా తాగేసి ఖాళీ గ్లాసు చేతికిచ్చింది. "నువ్వు గుమ్మంలోకి రాగానే ఆ సీసా వాసన వచ్చిందమ్మా. కాసేపు కూర్చోనీలే అని ఊరుకున్నా."