ఏటికి పోసిన నీళ్లు

ఈ రోజు ఒక పల్లె తాగాల్సిన నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి. తప్పు నాది.

గోరంట్ల నుంచి మా సేవా సంస్థ పికప్‌లో ఆ పల్లెకు నీళ్ల డ్రమ్ములు తీసుకెళ్తున్నాం. ఎండిన ఏరు దాటుతుంటే వెనక చక్రం ఒకటి ఇసుకలో గిర్రున తిరిగింది. రెండోది కదల్లేదు. చక్రం జారిన ప్రతిసారీ డ్రైవర్ నాగన్న, పాత జీపు అలవాటుకొద్దీ, యాక్సిలరేటర్ వదిలేస్తున్నాడు. ఈ విదేశీ బండికి అది పనికిరాదు. జారే చక్రాన్ని ఒక్క క్షణం తిరగనిస్తే, వెనక ఇరుసులోని లాక్ దానంతటదే పడి రెండు చక్రాలనూ కలిపి తిప్పుతుంది. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో నేను చదివాను. కానీ నెట్టడానికి వచ్చిన మగవాళ్లంతా చుట్టూ నిలబడి ఉంటే నాకు నోరు పెగల్లేదు.

నిండు డ్రమ్ములు దించలేక, బరువు తగ్గించడానికి వాటిని వంచేశారు.

"వానదేవుడు పోయకపోతే ఏటికి మనమే నీళ్లు పోస్తాండామప్పా!" అని ఒకాయన నవ్వాడు.

సగం నీళ్లు పోయాక నేను నాగన్న దగ్గరికి వెళ్లి, "అన్నా, ఈసారి వదలొద్దు. కొంచెం తిరగనీ," అన్నాను. తిరగనిచ్చాడు. కింద టక్కుమంది. బండి ఒడ్డెక్కింది.

పల్లెలో ఇంటికి అర బిందె వచ్చింది.

"ఈయమ్మ చెప్పకుంటే ఈ మాత్రం కూడా దక్కేది కాదవ్వా," అని నాగన్న ఒక ముసలమ్మకు చెప్పాడు.

ఆమె తడి చేత్తో నా తల నిమిరింది. "సల్లగుండు తల్లీ."

నాకు ముందే తెలుసని ఆమెకు చెప్పలేదు. దీవెన మాత్రం తీసుకున్నాను. మీరైతే ఏం చేసేవారు?