నాన్న మోచేతి మీద ఉమ్మెత్త ముద్ద

మా చిన్నప్పుడు ఫిల్మ్‌నగర్ బస్తీలో మా ఇంట్లో రోజూ ఫైటింగే... నాన్న సినిమాల్లో ఫైటరు. హీరో ఒక్కటిస్తే ఎగిరి అట్టపెట్టెల మీద పడేవాళ్లలో ఒకడన్నమాట. మర్నాటి షాట్ ఇంట్లోనే ప్రాక్టీసు చేసేవాడు. గాల్లో గుద్ది, తనే వెనక్కి పడేవాడు. నేనూ తమ్ముడూ చప్పట్లు కొట్టేవాళ్లం.

దెబ్బలకు డాక్టరు మా నానమ్మే. వావిలాకు నీళ్లతో కాపడం... మరీ నొప్పైతే ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి కట్టేది. కాసేపటికి నాన్న మూలుగు తగ్గేది. "తోలు లేసిన కాడ పెట్టొద్దు బిడ్డా, ఇసమది" అని నాకు వందసార్లు చెప్పింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న షూటింగ్ నుంచి భుజం పట్టుకుని వచ్చాడు. మోచెయ్యంతా గీరుకుపోయి నెత్తురోడుతోంది. మర్నాడు చెయ్యి లేవకపోతే ఫైట్ మాస్టర్ ఇంకొకణ్ని పెట్టుకుంటాడని ఆయన దిగులు. నానమ్మ భుజానికి ఆకు కట్టి కూరగాయలకు వెళ్లింది.

నాన్న మోచెయ్యి పట్టుకుని ఒకటే మూలుగు... నాకు మనసాగలేదు. మిగిలిన ఆకులన్నీ రోట్లో నూరి, ఆ పచ్చి పుండు మీదే మెత్తాను. "సల్లగుంది బిడ్డా" అని నాన్న కళ్లు మూసుకున్నాడు. అబ్బో, నేనెంత పొంగిపోయానో!

గంటసేపటికి లేచాడు. గాల్లో గుద్దుతున్నాడు... "మాస్టర్, రెడీ!" అని అరుస్తున్నాడు... గోడతో మాట్లాడుతున్నాడు. ప్రాక్టీసే అనుకున్నాం. ఎప్పటిలాగే చప్పట్లు కొట్టాం. అమ్మ వంటింట్లోంచే నవ్వింది.

నానమ్మ గుమ్మంలోకి వస్తూనే సంచి పడేసింది. "ఏందిరా గట్ల సూస్తున్నవ్? నన్ను గుర్తు పడ్తలేవా?"

నాన్న కనుపాపలు ఇంతింత పెద్దవై కళ్లు నల్లగా అయిపోయాయి. నోరెండిపోయి మాట తిరగడం లేదు, ఒళ్లు కాలిపోతోంది. నానమ్మ ఆయన మోచెయ్యి చూసింది... తర్వాత పసరంటిన నా వేళ్లు చూసింది. గబగబా నీళ్లు తెచ్చి ఆయన పుండూ, నా చేతులూ కడిగింది.

ఆటోలో అమ్మా, పక్కింటాయనా పట్టుకున్నా నాన్న ఆగలేదు. నేను నానమ్మ కొంగు వదల్లేదు. నాన్న చచ్చిపోతాడు... నేనే చంపేశాను... బుర్రలో అదొక్కటే.

దవాఖానలో "తాగొచ్చిండా?" అన్నారు. పెద్ద డాక్టరు నాన్న కళ్లలో లైటు వేసి చూసి, "పసరేమైనా పెట్టారా? ఎవరు పెట్టారు?" అనడిగాడు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

"నేనే సారూ... ముసల్దాన్ని, కండ్లు సరిగ కనవడక పుండు మీద పెట్టిన" అంది నానమ్మ.

ఆయన గట్టిగా కేకలేశాడు. "ఆ ఆకులో నొప్పిని మొద్దుబార్చే మందుందమ్మా, నిజమే! తెగిన చోట పెడితే నెత్తురులో కలిసి మెదడుకెక్కుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు!" నానమ్మ తలొంచుకుని అన్నీ పడింది.

రెండో రోజు నాన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. వెక్కి వెక్కి ఏడ్చాను... అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ తర్వాత నాన్న ఎంత దెబ్బ తగిలినా నానమ్మను చెయ్యి వేయనివ్వలేదు. "నీ వైద్యం నాకొద్దమ్మా... మల్ల సంపుతవ్!" అనేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది. నావైపు కూడా చూసేది కాదు.

అప్పట్లో ఉమ్మెత్త మొలిచిన బండల మీద ఇప్పుడు కాఫీ షాపులొచ్చాయి. షూటింగుల్లో తాళ్లు, పరుపులు, అంబులెన్సు... నాన్న మోకాళ్లకు నేను మెడికల్ షాపు నుంచి స్ప్రే తెచ్చిస్తున్నాను. నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇంటికెవరొచ్చినా నాన్న ఇంకా "మా అమ్మ నన్ను సంపబోయింది తెలుసా" అని నవ్వుతూ చెప్తూనే ఉన్నాడు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోతుంటాను.

మీ తప్పు తన మీద వేసుకున్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... కాదు, ముందు వాళ్లకే ఫోన్ చేసి చెప్పండి. ఇది పోస్ట్ చేసి నేను నాన్న గదిలోకి వెళ్తున్నాను... ఆ ముద్ద పెట్టింది నేనేనని చెప్పడానికి.