చుక్క ఉన్న గింజ

వసంతం వస్తోందంటే మా పిల్లల బడి ఆయమ్మకు ఒళ్ళు మంట. చలి వెళ్ళగానే నేను ముప్పై కాగితపు కప్పులు తెప్పిస్తాను. పిల్లలు తలా ఒక చిక్కుడు గింజ నాటుతారు. టీచరుగా నా పని అక్కడితో సరి. మట్టి ఊడవడం, ఒలికిన నీళ్ళు తుడవడం, అరవై బురద చేతులు కడగడం ఆవిడ పని. "మొక్కలు వాళ్ళవి, విరిగే నడుం నాది" అని గొణుగుతుంది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ ఏడాదితో మానేస్తానని ఆరేళ్ళుగా అంటోంది.

ఆవిడ చేసే పని ఇంకొకటుంది. అది నాకు తెలియనట్టు నటిస్తాను. ఇంట్లో గింజలు తడిగుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, మొలవని కప్పుల్లో పాతవి తీసేసి వీటిని పెట్టేస్తుంది. ఇరవై ఏళ్ళుగా మా బడిలో మొలవని గింజ లేదు. తల్లిదండ్రులు మెచ్చుకునేది మాత్రం నన్ను.

ఈసారి ఒక్క కప్పు మొండికేసింది. అది బుజ్జిపిట్టది. బడిలో చేరి నెల దాటినా నోరు విప్పని పిల్లకు మేం పెట్టుకున్న పేరది. రోజూ గింజను తవ్వి, కళ్ళ దగ్గర పెట్టుకు చూసి, మళ్ళీ పూడ్చేది. అందుకే దాన్ని మార్చడానికి ఆయమ్మ జంకింది.

"అలా కెలికితే ఎట్లా మొలుస్తుందే తల్లీ? నా ప్రాణం తియ్యకు" అని ఆయమ్మ తల కొట్టుకునేది.

పన్నెండో రోజుకు మిగతావన్నీ ఆకులు వేశాయి. బుజ్జిపిట్ట అన్నం మానేసి కిటికీ దగ్గరే నిలబడింది. ఆ దిగులు చూడలేక మర్నాడు ఆయమ్మ గింజ మార్చేసింది.

బుజ్జిపిట్ట వచ్చి తవ్వింది. మొలక చూసి నవ్వలేదు.

"ఇది నాది కాదు."

మేం ఆ గొంతు వినడం అదే మొదలు.

"నీదేనమ్మా. రాత్రి మొలిచింది" అంది ఆయమ్మ.

"నా గింజకు చుక్కుంది. నాదేది?"

ఆయమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఇక చేసేదేం లేక, ఆ మోకాళ్ళతోనే పెరట్లో చెత్తబుట్ట పక్కన చతికిలబడి మట్టంతా వెతికింది. దొరికింది. నల్లచుక్క ఉంది. రాత్రికి రాత్రే పొట్టు చీలి తెల్లటి మొన బయటికొచ్చింది. పొద్దున పారేసేటప్పుడు ఆవిడ చూడనేలేదు.

బుజ్జిపిట్ట దాన్ని గుప్పిట్లో దాచుకుని లోపలికి పరిగెత్తింది. ఆయమ్మ లేవలేదు. చెయ్యి అందించాను, పట్టుకోలేదు.

"ఇరవై ఏళ్ళలో ఇలాంటివి ఎన్ని పారేశానో టీచరమ్మా" అంది.