నాట్ల పాట వెంట మైకు

నేను శామీర్‌పేట గ్రంథాలయానికి వెళ్లేది సగం చదవడానికి, సగం కొట్లాడటానికి. ఈ మాట మా ఆయనది. అబద్ధం కాదు కాబట్టి ఖండించను. ఈసారి కొట్లాట ఒక గది గురించి.

పాత పత్రికల గదిని ఖాళీ చేయించి, పై ఆఫీసు వాళ్లు ఒక కంప్యూటరు, మైకు, హెడ్‌ఫోన్లు పంపారు. ఊళ్లోవాళ్లు తమ పాటలూ ముచ్చట్లూ రికార్డు చేసి, పుస్తకాల్లాగే అక్కడ భద్రపరచుకోవాలని. మా గ్రంథాలయం సారు వాటికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తెల్లగుడ్డ కప్పి తాళం వేశారు. దసరాకు గుడ్డ తీసి, మళ్లీ కుంకుమ పెట్టి, మళ్లీ కప్పారు.

"పాడైతే ఎవలు జవాబు చెప్పాలె మేడం? నన్నే గదా పట్టుకునేది!"

"వాడకుంటే గుంజుకపోతరు సార్. అప్పుడేం జవాబు చెప్తరు?"

అన్నంత పనీ అయింది. శనివారం అధికారి వస్తున్నారనీ, గదిలో ఏ పనీ జరగకపోతే సామాను మేడ్చల్‌కు తరలిస్తారనీ కబురొచ్చింది. శుక్రవారం గ్రంథాలయానికి సెలవు. చేతిలో ఉన్నది గురువారం ఒక్కటే.

మా వెనక వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. చెరువు కింది పొలాలు ప్లాట్లు కాకముందు, నాట్లప్పుడు పాట ఎత్తుకునేది ఆమే. ఇప్పుడు ఆమె, ఆమెతో నాట్లేసిన నలుగురూ నర్సరీల్లో కూలికి పోతున్నారు. పాట మూలన పడింది. ఆ అయిదుగురినీ గురువారం సాయంత్రం వెంటబెట్టుకొచ్చాను. గడప దగ్గరే ఆగిపోయారు.

"మాకు సదువు రాదు. రానిస్తరా?"

"రానియ్యకుంటే నేనెందుకున్న?"

కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, మైకు ముందు కూర్చోబెట్టాను. పెద్దమ్మ ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే.

"కుర్చీల కూసుంటే నాట్ల పాట ఎట్లొస్తది బిడ్డా? నడుం వంగాలె."

"అయితే వంగుండ్రి!" అని కుర్చీలు బయటికి తోసేశాను.

కొంగులు బిగించి వరసగా వంగారు. చేతుల్లో నారు లేకపోయినా వేళ్లు నేలను పొడుస్తూనే ఉన్నాయి. పాట వచ్చింది! ఒకరు విడిస్తే నలుగురు అందుకుంటూ, చరణం వెనక చరణం. సారు చేతిలోని టీ చల్లారిపోయింది.

రికార్డయింది వింటే ఏముంది? మొదట్లో ఖంగుమంటోంది, పోనుపోను సన్నబడి, చివరికి పక్క ఊళ్లో పాడుతున్నట్టుంది. నాట్లేసేవాళ్లు వెనక్కి నడుస్తారు కదా. వీళ్లు పాడుతూ పాడుతూ గోడ దాకా వెళ్లిపోయారు. మైకు ఉన్నచోటే ఉంది.

"ముందుకు నడుసుకుంట పాడుండ్రి," అని సలహా ఇచ్చారు సారు.

"నాటిన నారును తొక్కుకుంట పోతమా సారూ?" అని గద్దించింది పెద్దమ్మ.

పాట వెనక్కి పోతే మైకే దాని వెంట పోవాలి. సారు కూర్చునే, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీని లాక్కొచ్చి, మైకును తువ్వాలతో దానికి కట్టాను. కిర్రుమనకుండా చక్రాలకు కొబ్బరినూనె పూశాను. గది పొడవు చాలక కంప్యూటరుతో సహా అందరం హాల్లోకి మారాం. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు విసుక్కోకుండా బల్లలు జరిపారు. పాడేవాళ్లు ఒక్కో అడుగు వెనక్కి వేస్తుంటే, కుర్చీ ఒక్కో అడుగు వాళ్ల మీదికి. తోసింది ఎవరనుకున్నారు? సారే! పాట మొదలు నుంచి చివరి దాకా సన్నబడకుండా నిలబడింది.

శనివారం అధికారి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. కాసేపు వింటానన్న మనిషి పాట అయ్యేదాకా లేవలేదు.

"సామాను ఇక్కడ్నే ఉండనియ్యుండ్రి," అన్నారు. "కేటలాగుల ఎక్కించుండ్రి. రచయిత అని ఎవరి పేరు పెడ్తరు?"

"జానపదం అని రాస్తం సార్," అన్నారు మా సారు.

నాకు మండింది. నేను నోరు తెరిచేలోపే, తమ పాట వినడానికి మిగతా నలుగురితో వచ్చిన పెద్దమ్మ అందుకుంది.

"పాడింది మేము. మా అయిదుగురి పేర్లు ఎక్కియ్యి. మా మొగోళ్లయి గాదు, మావి."

అధికారి కుర్చీ జరుపుకుని స్వయంగా టైపు చేశారు. పెద్దమ్మ తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, తెర మీద ఆ అక్షరాలను వేలితో ఒకసారి తడిమింది.

"ఇంక మస్తు పాటలున్నయి. ఎప్పుడు రావాలె?"

"సోమవారం పొద్దుగాల్నే రాండ్రి," అన్నారు సారు, నాకంటే ముందే.