నాన్నగారి నల్లరాతి బెంచీ

తండ్రి మీద ప్రేమ, చేతి నిండా తీరిక, పెరట్లో మిగిలిపోయిన గ్రానైట్. ఈ మూడూ ఒక్కచోట చేరితే ఎంత ఘోరం జరుగుతుందో అనకాపల్లిలో మా వీధివాళ్లని అడగండి. ఒకరోజు మధ్యాహ్నం వీధి వీధంతా నా మూలంగా తలలు వంచుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. డిగ్రీ కూడా ఉంది. చదువుకీ తెలివికీ సంబంధం ఉందనుకునేవాళ్లు ఇది తప్పకుండా చదవాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా నాన్నగారు లెక్కల మేస్టారుగా రిటైరై ఇల్లు కట్టించారు. వంటగట్టుకి తెప్పించిన నల్ల గ్రానైట్‌లో నిలువెత్తు పలక ఒకటి మిగిలింది. హాల్లో పరిచిన తెల్ల పాలరాయి ముక్కలూ కొన్ని మిగిలాయి. ఆ నల్లరాయి మీద నీళ్లు చల్లితే ఆకాశం కనిపించేది, కొబ్బరాకులు కనిపించేవి, నోరు తెరుచుకున్న నా మొహం కూడా కనిపించేది. కొండ కడుపులో ఇంత నునుపు ఎలా దాక్కుందా అని రోజూ వెళ్లి చూసేవాణ్ణి. మా అమ్మకి అలాంటి ఆశ్చర్యాలేవీ లేవు.

"చూసింది చాలు గానీ, దాన్ని దేనికైనా వాడు. లేదా పెరట్లోంచి తీసెయ్. బట్టలారేసుకోడానికి దారి లేదు."

వాడాను. నీళ్లతొట్టికి మూత చేశాను. చెంబుడు నీళ్లు కావాలంటే నలుగురు మనుషుల్ని పిలవాల్సొచ్చింది. టీవీ బల్ల మీద పరిచాను. బల్ల నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పోయాయి. రాయి మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఇంతలో నాన్నగారికి విశాఖపట్నంలో గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. బయల్దేరేముందు ఆయన గేటు దగ్గర ఆగి ఇంటిని కిందనుంచి పైదాకా చూసుకున్నారు. "కట్టేను గానీ, ఈ ముంగిట్లో నాలుగు రోజులు దేవుడు కూర్చోనిస్తాడో లేదో" అన్నారు. ఎన్నడూ అలాంటి మాట అనని మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఆయన తిరిగొచ్చేసరికి ఆ ముంగిట్లోనే ఆయనకి ఒక చోటు చేసి పెట్టాలని ఆ క్షణాన్నే నిర్ణయించుకున్నాను.

అమ్మా నాన్నా ఆసుపత్రిలో ఉండగా, ఆ నల్లపలకతో ముంగిట్లో బెంచీ కట్టమని సింహాచలం అనే తాపీమేస్త్రిని పిలిపించాను.

"బెంచీ ఎంత ఎత్తు కట్టమంతావు బావు?"

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్లలో ఈస్టర్‌కి ముందు సమాధుల తోటకి వెళ్లి పెద్దవాళ్ల సమాధులకి సున్నం వేసుకుంటాం. చిన్నప్పుడు ఆ పని అయ్యాక తాతగారి సమాధి మీద కాళ్లూపుకుంటూ కూర్చుని పులిహోర తినేవాణ్ణి. కూర్చోవడానికి అంతకన్నా హాయైన ఎత్తు నాకు ఇప్పటికీ తెలీదు. అందుకని టేపు పట్టుకుని వెళ్లి తాతగారి కొలతలే తెచ్చాను. పొడుగు, వెడల్పు, ఎత్తు, అంగుళం తేడా లేకుండా.

సింహాచలం ఆ కొలతల కాగితం చూసి, నావైపు చూసి, గొంతు తగ్గించాడు.

"కింద గుల్లగా ఒగ్గేద్దామా, మూసేద్దామా బావు?"

"మూసెయ్. పాములు దూరతాయి."

"పేరు సెక్కించాలా?"

"నాన్నగారి పేరే. పుట్టిన తేదీ కూడా వెయ్యి. పైన సిలువ. తెల్ల పాలరాయి ముక్కలున్నాయి కదా, పొదిగెయ్."

"మేస్టారు శానా మంచోరు బావు" అని అతను కళ్లు తుడుచుకున్నాడు. అతని అభిమానానికి కరిగిపోయి నేనూ తుడుచుకున్నాను. తేదీ చెక్కడం అయ్యాక పక్కనే చిన్న గీత గీసి, ఆ తర్వాత జానెడు మేర ఖాళీ వదిలేశాడు. ఎందుకని అడిగితే, "తరవాత పనికొత్తాది" అన్నాడు. శిల్పులకి వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయని ఊరుకున్నాను.

డిశ్చార్జి రోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"డాక్టరు మరీ మరీ చెప్పేడురా. నాన్నని దేనికీ కంగారు పెట్టకూడదట. ఉలిక్కిపడే పనేదీ చెయ్యకూడదట."

"అలాగేనమ్మా. మీరు రండి, ఇక్కడో సర్‌ప్రైజ్ ఉంది."

వాళ్లకన్నా ముందు మా మాడుగుల అత్త వచ్చింది. నాన్నగారికి ఒక్కతే చెల్లెలు. అన్నగారి కోసం హల్వా డబ్బా పట్టుకుని ఆటో దిగింది. గేటు తీసింది. నల్లపలక, తెల్ల సిలువ, అన్నగారి పేరు చూసింది. డబ్బా జారిపోయింది.

"అన్నయ్యా! నాకు మాటైనా సెప్పకుండా ఎల్లిపోనావా!"

"అత్తా! అది బెంచీ!"

"మీ నాన్నని కింద ఎట్టి బెంచీ అంతావేటిరా సచ్చినోడా!"

"కింద ఎవరూ లేరత్తా, ఇటికలే!"

"తోటలో సోటే నేకపోయిందేటిరా, ముంగిట్లో ఎట్టేసినావు!"

అప్పుడు, నెల రోజుల్లో మొదటిసారి, నేను ఆ బెంచీని మామూలు మనిషిలా చూశాను. పేరు. తేదీ. గీత. ఖాళీ. అత్త ఏడుపుకి ఇరుగుపొరుగు వచ్చేశారు. ఎదురింటాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒకావిడ చేతిలో అప్పుడే కోసిన బంతిపూలు కూడా ఉన్నాయి. ఎవరికి చెప్పబోయినా, "ఏడువురా, లోపల దాసుకోకు" అని వీపు నిమురుతున్నారు. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో కారు హారన్ వినిపించింది.

ఆయన చూస్తే గుండె ఆగిపోతుంది. ఎలాగైనా దాచెయ్యాలి. తీగ మీద ఆరేసిన తెల్లదుప్పటి లాక్కొచ్చి పలక మీద నిలువునా కప్పేశాను.

నా జీవితంలోకెల్లా తెలివితక్కువ పని ఆ బెంచీ అని మీరు ఇందాకట్నుంచీ అనుకుంటున్నారు కదా? కాదు. ఆ దుప్పటి.

నాన్నగారు అమ్మ భుజం పట్టుకుని మెల్లగా కారు దిగారు. వీధంతా తలలు వంచుకుని ఉంది. ముంగిట్లో తెల్లదుప్పటి, దాని పక్కన చతికిలబడి తన చెల్లెలు.

"ఎవరు పోయేరమ్మా?" అన్నారు.

అత్త తలెత్తకుండానే, "నువ్వే అన్నయ్యా!" అంది.

ఆ తర్వాత తలెత్తింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

నేను దుప్పటికి అడ్డం నిలబడ్డాను. నాన్నగారు నన్ను పక్కకి జరిపి, దుప్పటి చివర పట్టుకుని తీశారు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు వేలు పెట్టి చదివారు.

"పేరు కరెక్టు. తేదీ కరెక్టు. ఈ గీతేటిరా?"

"మేస్త్రి గీసేడు నాన్నా."

"తర్వాత ఈ ఖాళీ?"

"అందం కోసం అనుకున్నాను నాన్నా. మీరు కూర్చోడానికే కట్టించేను. ఒట్టు."

ఆయన నన్ను ఒక్క క్షణం అలాగే చూశారు. వెనక్కి తిరిగి, మెల్లగా ఆ పలక మీద కూర్చున్నారు. అరచేత్తో రాయిని నిమిరారు. "చల్లగా ఉందిరా" అన్నారు. అంతలో ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు! రెండు చేతులతో ఛాతీ అదిమి పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వుతున్నారు.

"కుట్లండీ! కుట్లూడిపోతాయి, నవ్వకండి!" అని అమ్మ కేకలు పెట్టింది. డాక్టరు చెప్పిన ప్రమాదం చివరికి అటువైపు నుంచి వచ్చింది.

ఆ రాయిని చూసి నోరు తెరిచినవాణ్ణి, ఆ రోజు నుంచి దాన్ని చూడ్డం మానేశాను. గుండె కోయించుకుని వచ్చి, తన పేరున్న సమాధి మీద కూర్చుని కడుపారా నవ్విన మనిషి ఎదురుగా ఉంటే గ్రానైట్ ఎంత! ఆయన్ని నేను అంతకుముందు అంత ఎత్తులో ఎప్పుడూ చూడలేదు.

పలక తీయించేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ సాయంత్రమైతే అక్కడే కూర్చుని టీ తాగుతారు. గ్లాసు మాత్రం సరిగ్గా ఆ గీత తర్వాత ఉన్న ఖాళీలోనే పెడతారు. "ఇక్కడ చోటు లేదని మీ మేస్త్రికి చెప్పు" అంటారు.

మొన్న అమ్మ కూడా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏరా, ఆయనొక్కరికేనా? పక్కనే నాకూ ఒకటి కట్టించు" అంది.

అందుచేత, ఆ పలక మీద కుడిచెయ్యి వేసి వీధివాళ్లందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇల్లు కట్టగా మిగిలిన రాయి ఎంత అందంగా ఉన్నా దానితో ఎవరికీ ఏమీ కట్టించను. కట్టించినా పేరు చెక్కించను. చెక్కించినా, దేవుడి తోడు, దుప్పటి కప్పను.